అమెరికా రాజ్యాంగాన్ని వారం రోజుల్లో ఇలా చదవండి

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి ముందు నేను నూరు ప్రశ్నలు బట్టీ పట్టాను. సెనేటర్లు నూరు మంది, సవరణలు 27, సుప్రీంకోర్టు జడ్జిలు తొమ్మిది మంది, ఇలాగే అన్నీ. ఆఫీసర్ వరసగా ఆరు అడిగారు, ఆరూ చెప్పాను, పాసవడానికి అప్పట్లో అవే చాలు కాబట్టి అక్కడితో ఆపేశారు. తర్వాత కొన్నాళ్లకి, వీసా మీద ఉన్నవాళ్లకి ఇక్కడ పుట్టే పిల్లలకి ఇకమీదట పౌరసత్వం రాదన్న ఆర్డరు వార్త వచ్చినప్పుడు, మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ప్రెసిడెంట్ సంతకం పెట్టేశాడంట, ఇంక అంతేనా, ఎవరూ ఏమీ చెయ్యలేరా?" అని అడిగాడు. ఆయన హెచ్1బి మీద ఉన్నాడు, ఇంట్లో భార్యకి నెలలు నిండాయి, టెన్షన్ మామూలుగా లేదు. గ్రూపులో సగం మంది సిటిజన్లమే అయినా సరైన జవాబు ఒక్కరమూ చెప్పలేకపోయాం. ఆ రాత్రే రాజ్యాంగం ప్రింట్ తీసుకుని కూర్చున్నాను. అలా చదివిన పద్ధతినే తర్వాత మా అన్నయ్య పిల్లలకీ, సిటిజన్‌షిప్‌కి తయారవుతున్న ఇద్దరు ముగ్గురు స్నేహితులకీ చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందు భయం వదిలెయ్యండి. ఇది మన భారత రాజ్యాంగమంత పెద్దది కాదు. అసలు పాఠం 4,400 మాటల దగ్గర ఉంటుంది, 27 సవరణలూ కలిపినా ఒక వారపత్రికలో రెండు మూడు పెద్ద వ్యాసాలంత. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫోన్లో చదవొద్దు, కాగితం మీద తీసుకోండి, పక్కన రాసుకోవడానికి చోటుండాలి. నీలం పెన్ను ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి దగ్గర పెట్టుకోండి. ఎవరికైనా ఏదైనా అధికారం ఇచ్చిన మాట కనబడితే దాని కింద నీలం గీత. ఆ అధికారాన్ని ఇంకెవరైనా ఆపగలిగే మాట కనబడితే ఎర్ర గీత. ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే చాలు, మిగతా కాన్సెప్టులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఇంకో మాట, మనవాళ్లు మొదట్లోనే తడబడేది ఇక్కడే. మనకి ఆర్టికల్ 14, ఆర్టికల్ 370 అంటే ఒక చిన్న అంశం. అమెరికాలో ఆర్టికల్ అంటే అధ్యాయం, మొత్తం ఏడే ఉన్నాయి. అలాగే కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు. అందులో జనాభా లెక్కన 435 మంది ఉండేది హౌస్, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున ఉండేది సెనేట్.

మొదటి రోజు రాజ్యాంగం తెరవకండి, దానికి ముందు కథ తెలుసుకోండి. 1776లో బ్రిటన్ నుంచి విడిపోయిన 13 రాష్ట్రాలు మొదట రాసుకున్నది ఇది కాదు. ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అని వేరే ఒప్పందం ఉండేది, 1777లో రాస్తే 1781లో అమల్లోకి వచ్చింది. రాజు పెత్తనంతో విసిగిపోయినవాళ్లు కాబట్టి అందులో కేంద్రానికి చేతులు కట్టేశారు. పన్ను వేసే హక్కు లేదు, రాష్ట్రాలని డబ్బు అడగాలి, ఇస్తే ఇచ్చినట్టు లేకపోతే లేదు. దేశానికి అధ్యక్షుడు లేడు, కేంద్రానికంటూ కోర్టులు లేవు, ఒక్క మాట మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఊ అనాలి.

1786లో పశ్చిమ మసాచుసెట్స్‌లో ఏం జరిగిందో చూడండి. స్వాతంత్ర్యం కోసం తుపాకీ పట్టిన రైతులే అప్పుల్లో మునిగిపోయారు. పన్నులు నాణేల్లో కట్టమన్నారు, వాళ్ల దగ్గర నాణేలు లేవు, కోర్టులేమో భూములు జప్తు చేస్తున్నాయి. దాంతో వాళ్లు గుంపులుగా వెళ్లి కోర్టు భవనాల ముందు నిలబడి కోర్టులు నడవనివ్వలేదు. వాళ్లకి ముందు నిలిచినవాళ్లలో డేనియల్ షేస్ అనే మాజీ సైనికుడు ఒకడు. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఆయుధాగారం మీదికి వెళ్తే ఫిరంగులు పేల్చారు, నలుగురు చనిపోయారు. ఆ తిరుగుబాటుని అణచడానికి కేంద్రం దగ్గర సైన్యమూ లేదు, డబ్బూ లేదు, బోస్టన్ వ్యాపారులు సొంత డబ్బుతో సైనికులని పంపారు. దేశంలో పెద్దమనుషులకి వెన్నులో వణుకు పుట్టింది. ఇటు రాజు లాంటి పాలకుడు వస్తాడేమోనని భయం, అటు అసలు పాలనే లేకుండా పోతుందేమోనని భయం. ఈ రెండు భయాలనీ మనసులో పెట్టుకుని చదివితే ప్రతి వాక్యం ఎందుకలా రాశారో తెలుస్తుంది.

ఆ ఏడాది మే నెలలో ఫిలడెల్ఫియాలో సమావేశం మొదలైంది. పాత ఒప్పందాన్ని సవరించమని పంపితే వాళ్లు కొత్తదే రాశారు. తలుపులూ కిటికీలూ మూసుకుని, బయట ఎవరికీ చెప్పకూడదని కట్టడి పెట్టుకుని, ఆ ఎండాకాలమంతా వాదించుకున్నారు. మొత్తం మీద 55 మంది వచ్చారు, సెప్టెంబర్ 17న సంతకాలు చేసినవాళ్లు 39 మంది. రోడ్ ఐలండ్ అసలు ఎవరినీ పంపనేలేదు. లోపల ఎవరు ఏమన్నారో మనకి ఇంత వివరంగా తెలియడానికి ముఖ్య కారణం ఆ వచ్చినవాళ్లలో ఒకడైన జేమ్స్ మాడిసన్ రోజూ కూర్చుని రాసుకున్న నోట్సు, అవి కూడా ఆయన చనిపోయాక 1840లో గానీ అచ్చు కాలేదు.

రెండో రోజు మొదటి వాక్యం దగ్గరే కాసేపు ఆగండి. ముందు రాసిన చిత్తుప్రతిలో "న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్..." అంటూ 13 రాష్ట్రాల పేర్లూ వరసగా చెప్పి, ఆ రాష్ట్రాల ప్రజలమైన మేము అని ఉండేది. చివర్లో భాష సరిదిద్దే కమిటీలో గూవర్నూర్ మోరిస్ దాన్ని "అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రజలమైన మేము" అని మార్చాడు. 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు అమల్లోకి వస్తుందని రాసుకున్నారు, ఆ తొమ్మిదీ ఏవో ఎవరికీ తెలియదు, కాబట్టి పేర్లు రాయడమే కుదరదు. కానీ ఆ మార్పుతో రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం కాస్తా ప్రజలు రాసుకున్న శాసనం అయింది. మన రాజ్యాంగం "భారత ప్రజలమైన మేము" అని మొదలవుతుంది కదా, ఆ గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో ఇక్కడ వినబడుతుంది.

ఆర్టికల్ 1 అన్నిటికన్నా పొడుగు, దానికి రెండు రోజులు ఇవ్వండి. అధ్యక్షుడి కన్నా ముందు కాంగ్రెస్ గురించి రాశారన్న సంగతి గమనించండి, ఇందులోని 8వ సెక్షన్‌లో కాంగ్రెస్ ఏమేం చెయ్యొచ్చో జాబితా ఉంటుంది: పన్నులు, అప్పులు, రాష్ట్రాల మధ్య వ్యాపారం, పౌరసత్వం ఇచ్చే పద్ధతి, యుద్ధ ప్రకటన. జాబితాలో లేనిది కేంద్రం పని కాదన్నది మూల సూత్రం. అయితే జాబితా చివర "వీటిని అమలు చెయ్యడానికి అవసరమైన, తగిన చట్టాలు చెయ్యొచ్చు" అని ఒక వాక్యం ఉంది. కేంద్రం ఎంతవరకు వెళ్లొచ్చు అనే గొడవ రెండు వందల ఏళ్లకి పైగా ఎక్కువగా ఈ వాక్యం చుట్టూ, ఆ వ్యాపారం అన్న మాట చుట్టూ తిరుగుతోంది.

ఇప్పుడు పెన్నులు తీసి 7వ సెక్షన్ చదవండి. బిల్లు రెండు సభల్లోనూ గెలవాలి (నీలం, కానీ ఒక సభ రెండోదాన్ని ఆపగలదు కాబట్టి ఎర్ర కూడా). అధ్యక్షుడు సంతకం పెట్టకుండా వెనక్కి పంపొచ్చు, ఎర్ర. రెండు సభలూ మూడింట రెండొంతుల మెజారిటీతో మళ్లీ గెలిపిస్తే అధ్యక్షుడు వద్దన్నా చట్టమే, దానికీ ఎర్ర. అధ్యక్షుడు ఏమీ చెయ్యకుండా కూర్చుంటే ఆదివారాలు మినహా పది రోజుల్లో దానంతట అదే చట్టమవుతుంది, ఆలోగా కాంగ్రెస్ సమావేశాలు ముగిసిపోతే మాత్రం కాదు. ఒక్క పేరాలో ఇన్ని తాళాలు. నా కాగితం మీద ఆ పేజీ అంతా ఎర్రగీతలే.

ఆర్టికల్ 2 అధ్యక్షుడిది, ఆశ్చర్యం కలిగేంత చిన్నది. అందులో ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అధ్యక్షుడు తన సంతకంతో ఇచ్చే ఆదేశం) అన్న మాట ఎక్కడా లేదు. కార్యనిర్వాహక అధికారం ఆయనదని, చట్టాలు నిజాయతీగా అమలయ్యేలా చూడాలని ఉంది, సంతకాలకి బలం అక్కణ్నుంచి గానీ, కాంగ్రెస్ చేసిన చట్టం నుంచి గానీ రావాలి. దీన్ని ఒక కేసు మీద పెట్టి చూడండి. 1952 ఏప్రిల్, కొరియా యుద్ధం జరుగుతోంది, ఉక్కు కార్మికులు సమ్మెకి సిద్ధమయ్యారు. ఉక్కు లేకపోతే ఆయుధాలు లేవని అధ్యక్షుడు ట్రూమన్ ఒక ఆర్డరుతో ఉక్కు మిల్లులని ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నాడు. మీ కాగితం మీద చూడండి, ప్రైవేటు మిల్లుని స్వాధీనం చేసుకునే అధికారం ఆయనకిచ్చిన నీలం గీత ఎక్కడుంది? ఉండదు. జూన్ 2న సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురు తేడాతో అదే చెప్పింది, యుద్ధం నడుస్తున్నా సరే, మిల్లులు వెనక్కిచ్చెయ్యాలంది. ట్రూమన్ ఇచ్చేశాడు. వాట్సాప్‌లో ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు ఇందులో ఉంది. సంతకం పడింది అనగానే మనం చూడాల్సింది, ఆ సంతకానికి వెనక ఏ చట్టం ఉంది, ఏ ఆర్టికల్ ఉంది, ఎవరు కోర్టుకి వెళ్లారు అన్నది.

ఆర్టికల్ 3 కోర్టులది, పది నిమిషాల్లో అయిపోతుంది. చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టుకి ఉందని అందులో సూటిగా ఎక్కడా రాసిలేదు. 1803లో మార్బరీ కేసులో చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్, రాజ్యాంగం అన్నిటికన్నా పై చట్టం అయినప్పుడు దానికి విరుద్ధమైన చట్టం చెల్లదని చెప్పడం జడ్జి పనే కదా అని తీర్పు రాశాడు, ఆ దారే స్థిరపడింది. మనవాళ్లు ఆ పాఠం నేర్చుకుని మన 13వ ఆర్టికల్లో అక్షరాలా రాసేసుకున్నారు.

నాలుగో ఆర్టికల్ దగ్గర తెలుగువాళ్లం తప్పకుండా ఆగాలి. మూడో సెక్షన్‌లో ఇలా ఉంటుంది: ఒక రాష్ట్రం లోపల నుంచి కొత్త రాష్ట్రం ఏర్పాటు చెయ్యాలంటే కాంగ్రెస్‌తో పాటు ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడు 2014 గుర్తు తెచ్చుకోండి. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూజువాణి ఓటుతో విభజన బిల్లుని తిరస్కరించింది. అయినా ఫిబ్రవరిలో లోక్‌సభ, రాజ్యసభ రెండూ పాస్ చేశాయి, జూన్ 2న తెలంగాణ వచ్చింది. మన రాజ్యాంగం 3వ ఆర్టికల్ ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు. అదే నిబంధన అమెరికాలోలా ఉండి ఉంటే, హైదరాబాద్ అసెంబ్లీలో మెజారిటీ కాదన్నంత కాలం తెలంగాణ అనే రాష్ట్రం వచ్చేదే కాదు. మీరు అప్పుడు ఏ వైపు ఉన్నా ఈ తేడా మాత్రం మనసుకి పడుతుంది. అక్కడ రాష్ట్రాలు కేంద్రం కన్నా ముందు పుట్టాయి, తమ ఉనికిని ఎవరి చేతిలోనూ పెట్టడానికి ఒప్పుకోలేదు. మన దగ్గర దేశాన్ని ముందు నిలబెట్టి రాష్ట్రాల గీతలు తర్వాత గీసుకున్నాం. ఫెడరలిజం అనే మాటని నాకు ఏ నిర్వచనమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. (1820లో మసాచుసెట్స్ ఒప్పుకుంటే మెయిన్ విడిపోయింది. 1863లో వెస్ట్ వర్జీనియా విడిపోయినప్పుడు అంతర్యుద్ధం మధ్యలో ఆ "ఒప్పుకోవడం" ఎవరు చేశారన్నది పెద్ద చిక్కుప్రశ్న, తీరిక ఉంటే చదవండి.)

అయిదో రోజు కష్టమైన పని. అసలు పాఠంలో బానిసత్వం గురించి రాసిన మూడు చోట్లని వెతకండి. బానిస అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు కాబట్టి వెతకాలి. ఆర్టికల్ 1 రెండో సెక్షన్‌లో "ఇతర వ్యక్తుల్లో" అయిదింట మూడొంతులని జనాభాలో కలిపి లెక్కపెట్టారు, దాంతో బానిసలకి ఓటు లేకపోయినా వాళ్ల యజమానుల రాష్ట్రాలకి సీట్లు పెరిగాయి. తొమ్మిదో సెక్షన్‌లో 1808 వరకు బానిసల దిగుమతిని కాంగ్రెస్ ఆపకూడదన్నారు. ఆర్టికల్ 4లో పారిపోయినవాళ్లని వెనక్కి అప్పగించాలన్నారు. ఈ పేరాలు దాటేసి గొప్పతనం ఒక్కటే చదివితే అది చదవడం కాదని నా గట్టి అభిప్రాయం. 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసులో సుప్రీంకోర్టు నల్లవాళ్లు పౌరులే కాలేరంది, ఆ తర్వాత నాలుగేళ్లకి అంతర్యుద్ధం వచ్చింది.

సవరణలకి రెండు రోజులు. మొదటి పదీ ప్రజల హక్కుల గురించి, అవి 1791 డిసెంబర్ 15న వచ్చాయి, ఈ హక్కులు రాయలేదనే జార్జ్ మేసన్ లాంటివాళ్లు అసలు రాజ్యాంగం మీద సంతకం పెట్టలేదు. మొదటి సవరణ "కాంగ్రెస్ ఏ చట్టమూ చెయ్యరాదు" అని మొదలవుతుంది, అంటే ఆ కట్టడి మొదట్లో కేంద్రానికే గానీ రాష్ట్రాలకి కాదు. దాన్ని రాష్ట్రాల మీదికి తెచ్చింది 1868లో వచ్చిన 14వ సవరణ, అది కూడా ఒక్కసారిగా కాదు, కోర్టు కేసు మీద కేసుగా.

ఆ 14వ సవరణ మొదటి సెక్షన్ చేత్తో రాసుకోండి. మొదటి వాక్యంలో ఇక్కడ పుట్టి, ఇక్కడి చట్ట పరిధిలో ఉన్నవాళ్లు "పౌరులు" అని ఉంటుంది. చివరికి వచ్చేసరికి రాష్ట్రం ఏ "వ్యక్తి"కీ న్యాయప్రక్రియ లేకుండా ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తీసెయ్యరాదు, ఏ "వ్యక్తి"కీ సమాన రక్షణ నిరాకరించరాదు అని ఉంటుంది. పౌరుడు అన్న చోట ఒక రంగు, వ్యక్తి అన్న చోట ఇంకో రంగు గీయండి. వీసా మీద ఉన్న మనిషికి ఈ తేడానే కవచం. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క ఇళ్లలో లాండ్రీ పెట్టుకోవాలంటే పర్మిషన్ కావాలన్నారు. అడిగిన చైనావాళ్లు రెండు వందల మందికి లేదన్నారు, మిగతా ఎనభై మందిలో దాదాపు అందరికీ ఇచ్చారు. 1886లో యిక్ వో కేసులో సుప్రీంకోర్టు, చట్టం పైకి బాగానే కనబడుతున్నా అమలులో వివక్ష ఉంటే చెల్లదని, అడిగినవాడు పౌరుడు కాకపోయినా సరేనని చెప్పింది. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో, చైనా తల్లిదండ్రులకి ఇక్కడ పుట్టిన అబ్బాయి పౌరుడేనంది. 2025 జనవరిలో వచ్చిన ఆర్డరుతో ఆ మొదటి వాక్యం మీద మళ్లీ కోర్టుల్లో వాదనలు మొదలయ్యాయి, మా గ్రూపులో ఆయన భయపడింది దాని గురించే.

రెండో వైపు కూడా చదవాలి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం వెళ్తే అదే సుప్రీంకోర్టు, చట్టంలో ఉన్న "తెల్లవాళ్లు" అనే మాటలోకి నువ్వు రావని కాదంది. మన దేశం వాళ్లకి ఆ తలుపు తెరిచింది కోర్టు కాదు, 1946లో కాంగ్రెస్ చేసిన చట్టం. ఎర్ర గీత ఉంటే సరిపోదు, దాన్ని ఎవరైనా వాడాలి కూడా. కొన్నిసార్లు ఒక్క మనిషి చాలు. ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడు లాయర్ లేకుండానే దొంగతనం కేసులో జైలుకి వెళ్లి, అక్కణ్నుంచే పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాశాడు. 1963లో కోర్టు, పెద్ద నేరం మోపినప్పుడు లాయర్‌ని పెట్టుకోలేని పేదవాడికి రాష్ట్రమే ఇవ్వాలంది. లాయర్‌తో మళ్లీ విచారణ జరిగితే గిడియన్ నిర్దోషిగా బయటికొచ్చాడు.

మిగతా సవరణలు వేగంగా చదవొచ్చు. సవరించడం ఎంత కష్టమో మాత్రం ఆర్టికల్ 5లో చూడండి: మామూలుగా రెండు సభల్లో మూడింట రెండొంతులు, తర్వాత నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు, అంటే ఇప్పటి లెక్కన 38. అందుకే మన రాజ్యాంగానికి 75 ఏళ్లలో నూరు దాటితే, వీళ్లకి రెండు వందల పైచిలుకు ఏళ్లలో 27. ఆ 27వది 1789లో ప్రతిపాదిస్తే 1992లో పూర్తయింది.

ఏడో రోజుతో అయిపోయిందనుకోకండి, మీరు ఉంటున్న రాష్ట్రం రాజ్యాంగం కూడా ప్రింట్ తీయండి. స్కూళ్లు, పోలీసులు, డ్రైవింగ్ లైసెన్సు, ఇవన్నీ ముఖ్యంగా రాష్ట్రాల చేతిలోవే. అమెరికా రాజ్యాంగంలో చదువు అన్న మాటే లేదు. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద ప్రాంతంలో తల్లిదండ్రులు, మా పిల్లల స్కూళ్లకి ఇంత తక్కువ డబ్బేమిటని సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1973లో అయిదుగురు నలుగురు తేడాతో ఓడిపోయారు. వాళ్లు వదల్లేదు. టెక్సాస్ రాజ్యాంగం 7వ ఆర్టికల్లో సమర్థమైన ఉచిత పాఠశాలలు నడపాలని ఉంది, దాన్ని పట్టుకుని ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు ఈసారి రాష్ట్ర కోర్టుకి వెళ్లారు. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు జడ్జిలందరూ ఒక్క మాటగా వాళ్ల పక్షాన తీర్పు చెప్పారు. టెక్సాస్‌లో ఉంటే ఆ 7వ ఆర్టికల్ మొదటి సెక్షన్‌తో మొదలుపెట్టండి. 1876 నాటి రాజ్యాంగం అది, 500 పైగా సవరణలున్నాయి, దానికి ఒక వారం చాలదు.